నూరువరహాలకు సున్నం పడదు

నర్సరీలో కొన్ననాడు నూరువరహాల మొక్క ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంటాయి. కొమ్మ కొసకో ఎర్రగుత్తి. ఇంటికి తెచ్చి కుండీలో పెట్టాక నాలుగైదు నెలలు మొక్క అదే జోరు మీద ఉంటుంది. ఆ తర్వాత కొత్త ఆకులు పాలిపోయి పుట్టడం మొదలవుతుంది. ఈనెలు ఆకుపచ్చగానే ఉంటాయి, వాటి నడుమ అంతా నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. ఇంకో రెండు నెలలకు ఆకులు చిన్నబడి, అంచులు మాడి, గుత్తులు రావడం ఆగిపోతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు చేసే పనులు దాదాపు అన్నిచోట్లా ఒకటే: గుప్పెడు ఎరువు, ఇంకాసిని బోరు నీళ్లు, కోడిగుడ్డు పెంకుల పొడి, ఎవరో చెప్పారని కుండీలో నాలుగు తుప్పు మేకులు. మొక్క ఇంకా పసుపెక్కుతుంది.

వీటిలో బోరు నీళ్లూ గుడ్డు పెంకులూ నేరుగా కీడు చేసేవి. మేకులు దేనికీ కొరగావు. ఎరువు సంగతి అది ఏ ఎరువన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎందుకో తెలియాలంటే ఈ మొక్క ఎలాంటి నేలలో పుట్టి పెరిగిందో ముందు చూడాలి.

పుట్టిల్లు పులుపు నేల

నూరువరహాలు దక్షిణ భారతం, శ్రీలంకల మొక్క. లిన్నేయస్ 1753లో దీనికి ఇక్సోరా కాక్సీనియా అని పేరు పెట్టాడు. ఇక్సోరా అన్నది మన ఈశ్వరుడి పేరే, పోర్చుగీసువాళ్ల నోట నలిగి అలా మారింది. కాఫీ, సింకోనా మొక్కల కుటుంబమే దీనిదీ. తమిళులకు ఇది వెట్చి, మలయాళీలకు చెత్తి, తెచ్చి. కేరళ గుళ్లలో పూజకూ దండలకూ చెత్తిపువ్వు ఉండాల్సిందే. మన తూర్పు కనుమల అడవుల్లో దీనికి దాయాది ఒకటుంది, తెల్లపూల కొరివిపాల. పచ్చికట్టె కూడా కాగడాలా మండుతుందని దానికా పేరు.

పడమటి తీరంలో ఈ మొక్క కంచెల వెంట ఎవరూ పట్టించుకోకపోయినా పూస్తుంది. అక్కడి లాటరైట్ నేలలే అందుకు కారణం. కేరళలో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వేల ఏళ్లుగా ఆ వాన నేలలోని సున్నాన్ని కడిగి సముద్రంలో కలిపేసింది. మిగిలింది ఇనుము, అల్యూమినియం నిండిన ఎర్రటి పులుపు నేల, పీహెచ్ 5 నుంచి 6 మధ్య. పీహెచ్ అంటే పులుపును కొలిచే అంకె, 7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు. నూరువరహాల వేళ్లు ఆ పులుపుకు అలవాటు పడినవి. హైదరాబాద్‌లో ఏడాది వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అనంతపురంలో 550. ఈ వాన నేలలోని సున్నాన్ని కడగడానికి చాలదు. అందుకే నల్లరేగడిలో పీహెచ్ 7.5 నుంచి 8.5 వరకు పోతుంది, తవ్వితే తెల్లటి సున్నపు గులకలు కూడా తేలతాయి. గ్రానైటు నుంచి వచ్చిన ఎర్రచల్క నేలలు కొంత నయం, కానీ వాటిని బోరు నీటితో తడుపుతూ పోతే అవీ క్రమంగా అదే దారి పడతాయి.

ఇక్కడే ఓ తిరకాసు ఉంది. ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల. మొక్కకు ఏడాదికి కావాల్సిన ఇనుము మిల్లీగ్రాముల్లో ఉంటే, కుండీలోని మట్టిలో గ్రాములకు గ్రాములు ఉంటుంది. కానీ వేరు తాగగలిగేది నీటిలో కరిగిన ఇనుమునే. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే కరిగే ఇనుము దాదాపు వెయ్యో వంతుకు పడిపోతుంది. అంటే 5.5 దగ్గర హాయిగా తాగిన వేరుకు 7.5 దగ్గర చెరువు మధ్యన దాహం. తుప్పు మేకులు పాతడం ఆ చెరువులో ఇంకో చెంబెడు నీళ్లు పోయడం లాంటిదే. కుండీలో ఇనుముకు లోటే లేదు, దాన్ని సున్నం కరగనివ్వడం లేదు.

ఇనుము మొక్క ఒంట్లో ఒకచోటి నుంచి మరోచోటికి సులువుగా కదలదు. పాత ఆకులో ఉన్నది అక్కడే ఉండిపోతుంది, చిగురుకు కొత్తగా వేరు పంపాలి. అందుకే పసుపు ముందు చిగుళ్లలో కనిపిస్తుంది.

రోజూ పోసే సున్నం

మొక్క ఏ మట్టిలో ఉందన్నది ఎంత ముఖ్యమో, దానికి ఏ నీళ్లు పోస్తున్నామన్నది అంతకంటే ముఖ్యం. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందా, కుళాయి మూతికి తెల్లగా గట్టిపడుతోందా చూస్తే చాలు, ఆ నీటిలో సున్నంలాగే పులుపును చంపే బైకార్బొనేట్ ఎక్కువని అర్థం. నీటి పరీక్ష కాగితంలో దీన్ని అల్కలినిటీ అని రాసి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని లెక్క ఇస్తారు. చాలామంది టీడీఎస్ అంకె, అంటే నీటిలో కరిగిన మొత్తం లవణాల లెక్క, ఒక్కటే చూసి కాగితం మడిచేస్తారు. నూరువరహాలకు సంబంధించినంత వరకు అల్కలినిటీ అంకే అసలైనది.

ఒక లెక్క వేసి చూడవచ్చు. అల్కలినిటీ 300 ఉన్న బోరు నీటిని 12 అంగుళాల కుండీకి రోజుకు లీటరున్నర పోస్తే, రోజుకు 450 మిల్లీగ్రాముల సున్నపురాయికి సమానమైనది మట్టిలో చేరుతుంది. వానరోజులు తీసేసి ఏడాదికి 300 రోజులు అనుకుంటే 135 గ్రాములు. కొంత అడుగు రంధ్రం నుంచి కారిపోతుంది, చాలావరకు మట్టిలోనే నిలుస్తుంది. పదిహేను లీటర్ల మట్టి పీహెచ్‌ను 6 నుంచి 7.5 దాటించడానికి ఇది చాలు. మొక్క నాలుగైదు నెలలు బాగుండి తర్వాత పాడవడానికి కారణం ఇదే. నర్సరీ మట్టిలో ఉన్న పులుపు నిల్వ అన్నాళ్లు కాచింది, తర్వాత అయిపోయింది.

అపార్ట్‌మెంట్లలో పెట్టే సాఫ్ట్‌నర్ నీళ్లు మొక్కకు మంచివనుకోవడం పొరపాటు. ఆ యంత్రం కాల్షియాన్ని తీసి సోడియాన్ని పెడుతుంది, బైకార్బొనేట్ జోలికి వెళ్లదు. సబ్బు బాగా నురగ వస్తుంది గానీ మొక్కకు పాత బాధ తగ్గదు, పైగా ఉప్పు తోడవుతుంది. ఆర్వో వ్యర్థజలం ఇంకా చెడ్డది. మూడు లీటర్లు లోపలికి పోయి ఒక లీటరు మంచినీళ్లు, రెండు లీటర్ల వ్యర్థం వచ్చాయనుకుంటే, మూడు లీటర్ల ఉప్పూ సున్నమూ దాదాపుగా ఆ రెండు లీటర్లలోనే ఉంటాయి. నీళ్లు వృథా చేయకూడదన్న ఆలోచన మంచిదే. ఆ నీళ్లు నేల తుడవడానికో బాత్రూముకో వాడాలి.

వాననీళ్లను మించినవి లేవు. పది చదరపు మీటర్ల డాబా మీద పది మిల్లీమీటర్ల వాన కురిస్తే వంద లీటర్లు. ఓ డ్రమ్ము పెట్టి వలగుడ్డతో మూతి కట్టి ఉంచితే నాలుగైదు కుండీలకు కొన్ని వారాలు గడుస్తుంది. ఏసీ నుంచి కారే నీళ్లు గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చినవి, వాటిలో సున్నం ఉండదు. కోస్తా ఉక్కలో రాత్రంతా ఏసీ నడిస్తే తెల్లారేసరికి బకెట్టులో నాలుగైదు లీటర్లు చేరతాయి. సరిగ్గా వేసవిలో, మొక్కకు నీళ్లు ఎక్కువ కావాల్సినప్పుడే ఇవి దొరకడం అదృష్టం. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు మున్సిపాలిటీ కుళాయిలో వస్తుంటే అవి సాధారణంగా బోరు కంటే నయం.

బోరు తప్ప గతిలేని చోట నిమ్మ ఉప్పు వాడవచ్చు. అల్కలినిటీ 300 ఉన్న నీటికి పది లీటర్ల బకెట్టుకు 3 గ్రాములు, అంటే చెంచాలో ముప్పాతిక. కలిపాక ఓ అరగంట ఆగి పోయాలి. అయితే నిమ్మ ఉప్పును మట్టిలోని సూక్ష్మజీవులు కొన్నాళ్లలో తినేస్తాయి, అప్పుడది మళ్లీ బైకార్బొనేట్ అవుతుంది. కాబట్టి ఇది తాత్కాలిక ఊరటే. మట్టిని నిలకడగా పులుపులో ఉంచడానికి గంధకం, అమ్మోనియం సల్ఫేట్ కావాలి. వాటి లెక్క కింద వస్తుంది.

నీళ్లు కాక ఇంట్లో సున్నం వచ్చే దారులు ఇంకా ఉన్నాయి. గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. గులాబీకి వేస్తే ఏమో గానీ నూరువరహాలకు వద్దు. కట్టెల బూడిద అంతకంటే ఘాటు. సిమెంటు కుండీ కొత్తదైతే నెలల తరబడి సున్నం వదులుతూనే ఉంటుంది, కనీసం పదిహేను రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, లేదా మట్టికుండీ, ప్లాస్టిక్ కుండీ వాడాలి. ప్రహరీ గోడ వెంట వరుసగా నాటడం మనవాళ్ల అలవాటు. ఇల్లు కట్టినప్పుడు రాలిన సిమెంటు, గచ్చు ముక్కలు, ఇసుకా అంతా ఆ గోడ మొదట్లోనే పూడి ఉంటాయి. పండక్కి గోడకు వెల్లవేస్తే కారినదంతా పాదులోకే. ముగ్గుపిండి సున్నపురాయి పిండి అయితే, పొద్దున్నే ఊడ్చి మొక్క మొదట్లో పోయడం కూడా ఈ కోవలోదే. గోడకు కనీసం మూడడుగుల దూరంలో నాటితే సగం బాధ తప్పుతుంది.

మట్టిని పరీక్షించడం

ముందు ఓ చిన్న పరీక్ష. చెంచాడు పొడిమట్టి మీద వెనిగర్ పోయాలి. చిటచిటమని బుడగలు వస్తే ఆ మట్టిలో విడి సున్నం ఉంది. అలాంటి నేలను గంధకంతో మార్చాలనుకోవడం దండగ, ఉన్న సున్నమంతా కరిగితే తప్ప పీహెచ్ దిగదు. అక్కడ మట్టినే మార్చాలి, లేదా ఎత్తుమడి కట్టాలి.

బుడగలు రాకపోతే పీహెచ్ చూడాలి. 20 గ్రాముల మట్టిని 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీటిలో వేసి అరగంటపాటు అప్పుడప్పుడు కలుపుతూ ఉంచి, పైన తేరిన నీటిలో పీహెచ్ కాగితం ముంచాలి. కుళాయి నీళ్లు వాడితే తెలిసేది కుళాయి పీహెచ్చే. మట్టిలో గుచ్చే రెండు కడ్డీల చౌక మీటర్లను నమ్మడానికి లేదు. 5 నుంచి 6 మధ్య ఉంటే చక్కగా ఉన్నట్టు. 6.5 వరకు మొక్క సర్దుకుంటుంది. 7 దాటితే ఈరోజు కాకపోతే రేపు పసుపు తప్పదు.

కుండీ, గుంత, ఎత్తుమడి

కుండీ మట్టికి కొలతలు: ఎర్రమట్టి 4 పాళ్లు, కొబ్బరి పొట్టు 3 పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు 2 పాళ్లు, గరుకు ఇసుక ఒక పాలు. 12 అంగుళాల కుండీకి వేపపిండి 50 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 20 గ్రాములు కలపాలి. సూపర్‌లో ఉండే జిప్సం కూడా కాల్షియమే కదా అన్న అనుమానం రావచ్చు. జిప్సం కార్బొనేట్ కాదు, సల్ఫేట్, అది పీహెచ్‌ను పెంచదు. కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టి రెండు మూడుసార్లు పిండి కడగాలి. సముద్ర తీరం నుంచి వచ్చే పొట్టులో ఉప్పుంటుంది, కడగకుండా వేస్తే మొదటి నెలలోనే ఆకుల అంచులు మాడతాయి.

కొన్న మొక్కను సంచిలోంచి తీసినప్పుడు వేరు చుట్టూ ఉన్న ముద్దను ఓసారి నొక్కి చూడాలి. కడియం వైపు నర్సరీల నుంచి వచ్చే మొక్కలకు తరచుగా గోదావరి ఒండ్రు బంకమట్టి గట్టిగా పట్టి ఉంటుంది. దూరప్రయాణంలో వేరు ఎండకుండా ఆ ముద్ద కాపాడుతుంది, అక్కడి వరకు అది మేలే. కానీ దాన్ని అలాగే గుల్ల మట్టి మధ్యలో పెడితే, పోసిన నీళ్లు చుట్టూ ఉన్న గుల్లలోంచి జారిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉండిపోతుంది. పైన తడి కనిపిస్తుంది, మొక్క వాడిపోతుంది. ముద్దను ఓ పావుగంట నీళ్లలో నానబెట్టి, బయటి వైపు మూడో వంతు మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేసి, సన్న వేళ్లు బయటికి కనిపించేలా చేసి నాటాలి. మొత్తం కడిగేయడం కూడా ప్రమాదమే, ఈ మొక్క వేళ్లు సన్నవి, తెగితే త్వరగా కోలుకోవు. నాటాక పది రోజులు నీడపట్టున ఉంచి తర్వాత ఎండలోకి మార్చాలి.

నేలలో అయితే ఎర్రనేలలో ఒకటిన్నర అడుగుల గుంత చాలు. నల్లరేగడిలో గుంత తీసి దాన్ని ఎర్రమట్టితో నింపడం పెద్ద పొరపాటు. చుట్టూ బంకనేల ఉంటే ఆ గుంత వానాకాలంలో తొట్టెలా నీళ్లు పట్టి ఉంచుతుంది, వేళ్లు కుళ్లుతాయి. గుంత మానేసి నేలమీదే అడుగు నుంచి అడుగున్నర ఎత్తున ఎర్రమట్టి మడి కట్టి దానిపై నాటాలి. కంచెగా పెంచాలంటే పెద్దరకాలకు రెండడుగులు, చిట్టిరకాలకు అడుగు దూరం. మొదట్లో రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరవాలి. కోస్తాలో సరుగుడు ఆకులు దొరికితే మరీ మంచిది. వేళ్లు పైపైనే పాకుతాయి కాబట్టి పాదులో గునపం, పార ఆడించకూడదు.

ఎండ రోజుకు కనీసం నాలుగైదు గంటలు తగలాలి. నీడలో ఆకులు పెద్దవిగా, నల్లటి పచ్చగా బాగానే ఉంటాయి, గుత్తులే ఉండవు. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీది కుండీలకు మాత్రం మధ్యాహ్నం తర్వాత నీడ ఉండాలి, ఎండ ఆకుల కంటే ముందు కుండీ గోడను కాల్చి వేళ్లను ఉడికిస్తుంది.

పులుపు నిలబెట్టే లెక్క

ఏడాదికి 135 గ్రాముల సున్నం చేరుతుందన్న పై లెక్కకు విరుగుడు ఇలా వేసుకోవచ్చు. అమ్మోనియం సల్ఫేట్ ప్రతి 100 గ్రాములకూ దాదాపు 110 గ్రాముల సున్నపురాయిని చంపుతుంది. 12 అంగుళాల కుండీకి నెలకు 5 గ్రాములు ఇస్తే ఏడాదికి 60, అది 66 గ్రాముల సున్నానికి సరిపోతుంది. గంధకం 32 గ్రాములు 100 గ్రాముల సున్నాన్ని కరిగిస్తుంది. మూడు నెలలకోసారి 5 గ్రాములు పైమట్టిలో కలిపితే ఏడాదికి 20, అది 62 గ్రాముల దాకా తీరుస్తుంది. రెండూ కలిపి 128. మొక్క తిన్నదీ కారిపోయినదీ పోను ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ ఎక్కడ ఆగాలో చెబుతుంది. వాననీళ్లు పోసేవాళ్లకు గంధకం అక్కర్లేదు. అల్కలినిటీ 500 దాటిన నీళ్లు పోసేవాళ్లు దీన్ని పెంచుకుంటూ పోవడం కంటే నీళ్లు మార్చుకోవడం మేలు, ఎందుకంటే సున్నం చచ్చినా దాని ఉప్పు మట్టిలోనే మిగులుతుంది.

గంధకం విడిగా దొరక్కపోతే బూడిద తెగులుకు అమ్మే 80 శాతం నీటిలో కలిసే గంధకపు పొడి తీసుకోవచ్చు, 5 గ్రాములకు బదులు 6 వేయాలి. దీన్ని పులుపుగా మార్చేది మట్టిలోని బాక్టీరియా. అవి పనిచేయాలంటే తడి, వెచ్చదనం ఉండాలి, ఆరేడు వారాల ముందు ఫలితం ఆశించకూడదు. అమ్మోనియం సల్ఫేట్‌ను పొడిమట్టి మీద చల్లితే వేళ్లు కాలతాయి, ముందు నీళ్లు పోసి, లీటరు నీటిలో కరిగించి పోయాలి. బూడిద గానీ గుడ్డు పెంకులు గానీ వేసిన కుండీలో దీన్ని వేస్తే నత్రజని అమ్మోనియా వాయువై గాలిలో కలిసిపోతుంది.

టీ పొడి, కాఫీ పిప్పి పులుపిస్తాయన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. పులుపు చాలావరకు తాగిన కప్పులోకే దిగిపోతుంది, మిగిలిన పిప్పి ఇంచుమించు తటస్థం. సేంద్రియ పదార్థంగా గుప్పెడు వేస్తే తప్పులేదు, దాంతో పీహెచ్ మారుతుందనుకోకూడదు.

పసుపెక్కిన మొక్కకు వైద్యం

మట్టి మారడానికి నెలలు పడుతుంది, ఈలోగా ఆకుకు నేరుగా ఇనుము అందించాలి. లీటరు నీటిలో ముందు నిమ్మ ఉప్పు 1 గ్రాము కరిగించి, తర్వాత అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు వేయాలి. వరుస తారుమారైతే గట్టినీటిలో అన్నభేది తుప్పులా విరిగి అడుగున దిగుతుంది. ద్రావణం లేత ఆకుపచ్చగా ఉంటే పనిచేస్తుంది, ఇటుక రంగుకు తిరిగితే పారబోయాలి. సాయంత్రం పూట, చిగుళ్ల కింది వైపు కూడా తడిసేలా పిచికారీ చేసి, పది పన్నెండు రోజుల తేడాతో మూడుసార్లు చేయాలి. గచ్చు మీద, తెల్లటి టైల్స్ మీద పడితే తుప్పు మరక వదలదు.

ఇది పరీక్షగా కూడా పనికొస్తుంది. ఒక్క కొమ్మకే కొట్టి వారం పది రోజులు చూస్తే, చినుకు పడిన చోటల్లా పచ్చటి చుక్కలు తేలితే లోటు ఇనుముదే. ఏ మార్పూ లేకపోతే మాంగనీసు అయి ఉండవచ్చు. అప్పుడు ఈనెల పక్కన పచ్చటి పట్టీ కాస్త వెడల్పుగా కనిపిస్తుంది. మాంగనీసు సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు కొట్టి చూడాలి. ఇనుము మరీ ఎక్కువైతే అదే మాంగనీసు లోటు తెస్తుంది, కనుక పసుపు పోయాక ఆపేయాలి.

మట్టిలో పోసే చీలేటెడ్ ఇనుములో, అంటే ఇనుము విరిగి అడుగున దిగకుండా మరో పదార్థం పట్టి ఉంచిన మందులో, రకాలున్నాయి, ఇక్కడే డబ్బులు ఎక్కువ పోతాయి. దుకాణంలో సులువుగా దొరికేది ఈడీటీఏ రకం. పీహెచ్ 6.5 దాటిన మట్టిలో కాల్షియం వచ్చి అందులోని ఇనుమును బయటికి నెట్టేస్తుంది, దాన్ని మట్టిలో పోయడం దండగ, ఆకుల మీద కొట్టుకోవచ్చు. డీటీపీఏ రకం 7, 7.5 వరకు నిలుస్తుంది. సున్నపు మట్టిలో నిలిచేది ఈడీడీహెచ్ఏ రకమే. ముదురు ఎరుపు రంగులో ఉండే ఈ పొడి ఖరీదైనదే, కానీ కుండీకి 1 నుంచి 2 గ్రాములు లీటరు నీటిలో కలిపి రెండు నెలలకోసారి పోస్తే చాలు. వెలుతురుకు ఇది విరిగిపోతుంది, సాయంత్రం పోసి వెంటనే నీళ్లు పెట్టాలి.

పాత పసుపు ఆకు మళ్లీ పూర్తిగా పచ్చబడదు. మందు పనిచేసిందా లేదా అన్నది దాని తర్వాత వచ్చే కొత్త ఆకుల జతను చూసి తేల్చాలి.

డిసెంబరు, జనవరిలో కనిపించే పసుపుకు తొందరపడక్కర్లేదు. మట్టి చల్లబడితే వేరు మందగిస్తుంది, శివరాత్రి దాటాక అదే సర్దుకుంటుంది. నీళ్లు నిలిచి వేరు కుళ్లినా ఇనుము లోటు లాంటి పసుపే వస్తుంది, కానీ మట్టి పుల్లటి కుళ్లు వాసన వేస్తుంది, వేళ్లు గోధుమరంగులో జారుడుగా ఉంటాయి. అప్పుడు ఏ ఇనుమూ పనిచేయదు, ముందు నీళ్లు ఆపాలి.

చాలామంది పొరబడే మరో లక్షణం ముదురు ఆకుల మీద వచ్చే ఎర్ర గోధుమ మచ్చలు. చూడటానికి అచ్చం తెగులులాగే ఉంటాయి. వెంటనే శిలీంధ్రనాశిని కొడతారు, పోవు. నూరువరహాలలో ముదురు ఆకులపై అంచు తెలియకుండా అలుముకునే ఈ మచ్చలు పొటాష్, భాస్వరం రెండూ తగ్గినప్పుడు వస్తాయి. పొటాష్ ఒక్కటే తగ్గితే మచ్చ అంచు స్పష్టంగా గీత గీసినట్టుంటుంది. భాస్వరం ఒక్కటే తగ్గితే మచ్చ లేకుండా ఆకంతా ఇటుక రంగుకు తిరుగుతుంది. రెండు నెలలకోసారి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 5 గ్రాములు, ఏడాదికి రెండుసార్లు సూపర్ 15 గ్రాములు ఇస్తే కొత్త ఆకులు శుభ్రంగా వస్తాయి. అలాగని భాస్వరం దండిగా గుమ్మరిస్తే అది ఇనుమును పట్టేసి మళ్లీ మొదటి పసుపు దగ్గరికే తెస్తుంది.

కత్తెర ఎక్కడ పడాలి

గుత్తి ఎప్పుడూ కొత్త కొమ్మ కొసనే వస్తుంది. పార్కుల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ నూరువరహాల కంచె నిండా ఆకులే ఉండి పూలు లేకపోవడానికి ఇదే కారణం. పదిహేను రోజులకోసారి పెద్ద కత్తెరతో చదునుగా కత్తిరిస్తే మొగ్గ కట్టబోయే కొసలన్నీ నేలపాలవుతాయి. పూలు కావాలంటే గీత గీసినట్టున్న కంచె మీద ఆశ వదులుకోవాలి. వాడిన గుత్తిని దాని కింద రెండు కణుపుల దగ్గర కత్తిరిస్తే చాలు, ఆ కణుపుల నుంచి రెండేసి కొమ్మలు వచ్చి సుమారు రెండు నెలల్లో మళ్లీ పూస్తాయి. ఒక్కో గుత్తి నెల, నెలన్నర నిలుస్తుంది. బాగా గుబురైతే ఏడాదికోసారి, తొలకరి వానలు పడ్డాక, మూడో వంతు మించకుండా కొట్టవచ్చు. ఎండాకాలంలో వద్దు, లోపలి లేతబెరడు ఎండకు మాడుతుంది.

రకం ఎంచుకోవడంలో ఒక సలహా. పెద్ద ఆకుల నాటు ఎర్రరకం సున్నాన్ని కొంత ఓర్చుకుంటుంది. పసుపు, గులాబీ, తెలుపు పూల చిట్టిరకాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ త్వరగా పాలిపోతాయి. బోరు నీళ్లు తప్పనివాళ్లు మొదటి మొక్కగా నాటురకమే పెట్టుకోవడం మంచిది. కొనేటప్పుడు పువ్వు రేకులు లెక్కపెట్టాలి. నూరువరహాలకు నాలుగు రేకులు. ఐదు రేకులుండి ఆకులు మెత్తగా నూగుతో ఉంటే అది పెంటాస్, వేరే మొక్క.

కొత్త మొక్కలు కట్టడానికి జూలై నుంచి సెప్టెంబరు మంచి కాలం. మరీ లేతా మరీ ముదురూ కాని, పెన్సిల్ కంటే సన్నని, పూత లేని కొమ్మను 12 నుంచి 15 సెంటీమీటర్లు కోసి, పై జత ఆకుల్ని సగానికి కత్తిరించి ఉంచి, కిందివి తీసేయాలి. కొసను 2000 నుంచి 3000 పీపీఎం బలమున్న ఐబీఏ (వేరు పుట్టించే హార్మోను) పొడిలో అద్ది, సగం కొబ్బరి పొట్టు సగం ఇసుక వేసిన గ్లాసులో గుచ్చి, పైన ప్లాస్టిక్ సంచి కప్పి నీడలో పెట్టాలి. వేరు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. మధ్యలో పీకి చూడకూడదు. ఓపిక లేనివాళ్లకు గాలి అంటు, అంటే కొమ్మకు మొక్క మీదే వేరు పట్టించడం, నమ్మకమైన దారి.

పురుగుల బెడద తక్కువే. పిండినల్లి, పొలుసు పురుగు, పేనుబంక వస్తే ఆకుల మీద బంక, దాని మీద మసి తెగులు, కాండం మీద చీమల బారు కనిపిస్తాయి. చీమలే ఈ పురుగుల్ని కొమ్మ నుంచి కొమ్మకు మోసేవి, కాబట్టి మొదట వాటి దారి ఆపాలి. నీళ్లు గట్టిగా కొట్టి కడిగి, లీటరుకు వేపనూనె 5 మిల్లీలీటర్లు, సబ్బు ద్రావణం 2 మిల్లీలీటర్లు కలిపి వారానికోసారి మూడు వారాలు కొడితే సరిపోతుంది. వేళ్లలో బుడిపెలుంటే నులిపురుగులు. వంగ, టమాటా పెంచిన మట్టిని ఈ కుండీలోకి ఎత్తకపోవడమే దానికి మంచి మందు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మొక్క ఒంట్లోకి ఎక్కే మందులు మాత్రం వాడకూడదు. పువ్వు గొట్టం అంగుళం పైనే పొడవుంటుంది, అడుగున ఉన్న తేనెను అందుకోగలిగేవి ముఖ్యంగా పొడుగు తొండం సీతాకోకచిలుకలు. మొక్క ఒంట్లోకి ఎక్కిన మందు తేనెలోకీ చేరుతుంది, దాన్ని ముందుగా తాగేవి అవే.